ఎలీహు యేల్‌కి న్యూహేవెన్ ఏమవుతుంది? ఒక ప్యూరిటన్ కుటుంబం చిక్కుముడి

యేల్ యూనివర్సిటీకి ఆ పేరు ఒక మద్రాసు గవర్నరు వల్ల వచ్చిందని మన దగ్గర చాలామందికి తెలుసు, క్విజ్‌లలో అడిగే ప్రశ్నే అది. ఎలీహు యేల్, సెయింట్ జార్జ్ కోట, వజ్రాలు, ఒక విరాళం. అక్కడితో మనం ఆగిపోతాం. ఇంకో అడుగు వేసి ఆయన వంశం గురించి వెతికారంటే మాత్రం తల తిరుగుతుంది. ఒకచోట ఆయన అమెరికాకు తొలినాళ్ళలో వలసవెళ్ళిన ప్యూరిటన్ కుటుంబంలో పుట్టాడని ఉంటుంది. ఇంకోచోట అమెరికాలో న్యూహేవెన్ కాలనీని (యేల్ యూనివర్సిటీ ఇప్పుడున్న ఊరు) స్థాపించిన థియోఫిలస్ ఈటన్‌కి మనవడని ఉంటుంది. మరోచోట వేల్స్‌లో పాతుకుపోయిన భూస్వాముల ఇంటివాడని, ఇంకెక్కడో ఒక బిషప్ ముని మనవడని కూడా కనిపిస్తుంది. ఇవేవీ పూర్తి అబద్ధాలు కావు, అలాగని దేన్నీ ఉన్నదున్నట్టు నమ్మడానికీ లేదు.

మామూలుగా వంశవృక్షం అంటే తండ్రి, కొడుకు, మనవడు అని ఒక గీత గీసేస్తాం. ఈ కుటుంబానికి ఆ గీత పనికిరాదు. ఇక్కడ అందర్నీ కలిపి ఉంచింది ఒక స్త్రీ, ఎలీహుకి నాయనమ్మ, పేరు ఆన్. పుట్టింటి పేరు లాయిడ్, మొదటి పెళ్ళితో యేల్ అయింది, రెండో పెళ్ళితో ఈటన్ అయింది. మూడు ఇంటిపేర్లు మారిన మనిషి కాబట్టి పుస్తకాల్లో ఆవిడ మూడు చోట్ల ముక్కలుగా కనిపిస్తుంది, ఎక్కడా పూర్తిగా కనిపించదు. పైగా ఆవిడ్ని సొంత చర్చే వెలివేసింది. "ప్యూరిటన్ వారసత్వం" అని గొప్పగా చెప్పుకునే కథలో ఈ ముక్క అంత బాగా ఇమడదు, అందుకే చాలామంది దాటేస్తారు. నాకైతే అసలు కథ అదే అనిపిస్తుంది.

మొదటినుంచీ వద్దాం.

యేల్ అన్నది వేల్స్ ఉత్తర భాగంలో ఇయాల్ అనే ఒక ప్రాంతం పేరు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే ఉన్నట్టు, ఆ కుటుంబం కూడా తమ సీమ పేరునే ఇంటిపేరు చేసుకుంది. వాళ్ళ మూలస్థానం ప్లాస్ ఇన్ ఇయాల్ అనే ఇల్లు. ఆ కుటుంబం నుంచి వచ్చిన డాక్టర్ డేవిడ్ యేల్ అనే ఆయన ఇంగ్లండ్‌లోని చెస్టర్ బిషప్ కార్యాలయంలో చాన్సలర్‌గా, అంటే చర్చి న్యాయ వ్యవహారాలు చూసే అధికారిగా పనిచేశాడు. ఆయన కొడుకు థామస్ యేల్, రెక్సమ్ దగ్గర ప్లాస్ గ్రోనోలో ఉండేవాడు. ఈ థామస్ పెళ్ళి చేసుకున్నది జార్జ్ లాయిడ్ కూతురు ఆన్‌ని. జార్జ్ లాయిడ్ 1605 నుంచి చనిపోయేదాకా, అంటే 1615 వరకు, చెస్టర్‌కి బిషప్. చెస్టర్‌లో వాటర్‌గేట్ వీధిలో బిషప్ లాయిడ్ ఇల్లు అని ఇప్పటికీ చూపిస్తారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ప్యూరిటన్ అంటే ఎవరో తేలకపోతే ముందుకెళ్ళి లాభం లేదు. ఇంగ్లండ్ రాజులు రోమ్ పోప్‌తో తెగతెంపులు చేసుకుని సొంత చర్చి పెట్టుకున్నాక కూడా అందులో పాత కాథలిక్ పద్ధతులు చాలా మిగిలాయని, వాటిని కడిగేయాలని పట్టుపట్టినవాళ్ళు ప్యూరిటన్లు. బిషప్పుల పెత్తనం వాళ్ళకి పెద్ద కంటగింపు. కాబట్టి తర్వాతి రోజుల్లో ప్యూరిటన్ కాలనీకి గవర్నరు భార్య అయిన ఆన్, పుట్టడం మాత్రం ఒక బిషప్ కూతురుగా పుట్టింది. అత్తమామల ఇల్లు కూడా బిషప్ కచేరీ జీతం మీద నడిచిన ఇల్లే. అంటే యేల్ కుటుంబం మొదట్లో ప్యూరిటన్ కుటుంబం కానే కాదు, పెళ్ళి సంబంధం వల్ల అటు వెళ్ళింది.

థామస్ యేల్ 1619లో చనిపోయాడు. ఆన్‌కి ముగ్గురు పిల్లలు: డేవిడ్, థామస్, తల్లి పేరే పెట్టిన ఆన్. (అవును, తాత డేవిడ్, మనవడు డేవిడ్, తండ్రి థామస్, కొడుకు థామస్, తల్లి ఆన్, కూతురు ఆన్. వంశావళి రాసేవాళ్ళ ప్రాణాలు తీయడానికే పెట్టుకున్నట్టుంటాయి ఈ పేర్లు. ఇక్కడినుంచి కూతుర్ని ఆన్ హాప్కిన్స్ అని, తల్లిని ఆన్ ఈటన్ అని పిలుస్తాను.) కొన్నేళ్ళ తర్వాత ఆన్ రెండో పెళ్ళి చేసుకుంది. వరుడు థియోఫిలస్ ఈటన్, అతనికీ అది రెండో పెళ్ళే, మొదటి భార్య చనిపోయింది, మేరీ అనే కూతురు ఉంది.

ఈటన్ ఒక పాదిరి కొడుకు, లండన్‌లో పెద్ద వర్తకుడు. బాల్టిక్ సముద్రం మీద వ్యాపారం చేసే ఈస్ట్‌లండ్ కంపెనీలో డిప్యూటీ గవర్నరు. డెన్మార్క్ రాజు దగ్గర ఇంగ్లండ్ రాజు తరఫున పనులు కూడా చక్కబెట్టి వచ్చాడు. చిన్నప్పుడు కవెంట్రీలో అతనితో చదువుకున్న జాన్ డేవన్‌పోర్ట్ తర్వాత లండన్‌లో కోల్‌మన్ వీధి సెయింట్ స్టీఫెన్ చర్చికి పాదిరి అయ్యాడు. 1633లో విలియం లాడ్ ఆర్చిబిషప్ అయ్యాక ప్యూరిటన్ పాదిరులకి గడ్డురోజులు వచ్చాయి, డేవన్‌పోర్ట్ హాలండ్ పారిపోయాడు, చివరికి ఇద్దరు స్నేహితులూ కలిసి అమెరికా వెళ్ళిపోదామని తేల్చుకున్నారు. హెక్టర్ అనే ఓడ 1637 జూన్ 26న బోస్టన్ చేరింది. ఈటన్ తల్లి, భార్య, ఈటన్ మొదటి భార్య కూతురు మేరీ, ఆన్ మొదటి పెళ్ళి కొడుకులు, వీళ్ళిద్దరికీ పుట్టిన సామ్యూల్, థియోఫిలస్, హన్నా, ఈటన్ తమ్ముళ్ళు, ఆన్ కూతురు, ఆమె భర్త ఎడ్వర్డ్ హాప్కిన్స్, ఇంకా పనివాళ్ళు. ఇంత సందడి ఇంటిని ఊహించుకోండి. న్యూహేవెన్‌లో ఆ ఇంట్లో 30 మంది దాకా ఉండేవారని తర్వాతి తరం పాదిరి కాటన్ మాథర్ రాశాడు.

ఈ తమ్ముళ్ళలో ఒకడి సంగతి చెప్పకుండా వెళ్ళలేను. నథానియెల్ ఈటన్ అనే అతన్ని కొత్తగా పెట్టిన హార్వర్డ్ కాలేజీకి మొట్టమొదటి హెడ్మాస్టరుగా పెట్టారు. తన కింద పనిచేసే బ్రిస్కో అనే అతన్ని వాల్‌నట్ కర్రతో చావబాదాడు, విద్యార్థుల్నీ కొట్టేవాడు, ఇతని భార్య వండిన అంబలిలో మేకపేడ వచ్చిందని పిల్లలు ఫిర్యాదు చేశారు. 1639లో కోర్టు అతన్ని పీకేసింది, అతను వర్జీనియాకి పారిపోయాడు. అంటే హార్వర్డ్ తొలి హెడ్మాస్టరు, యేల్‌కి పేరిచ్చినాయన ఒకే ఇంటి చుట్టరికంలోకి వస్తారు. రక్తసంబంధం మాత్రం లేదు: ఎలీహుకి ఇతను నాయనమ్మ రెండో భర్త తమ్ముడు, అంతే.

బోస్టన్ వాళ్ళు ఇంత డబ్బున్న బృందాన్ని వదులుకోవడం ఇష్టంలేక ఉండమని బతిమాలారు. వీళ్ళు ఉండలేదు. సొంత రేవు కావాలి, సొంత నియమాలు కావాలి. అప్పుడే బోస్టన్‌లో ఆన్ హచిన్సన్ గొడవ జరుగుతోంది, ఆడది అయి ఉండి పాదిరుల బోధల్ని తప్పుపట్టిందని ఆవిడ్ని చర్చి నుంచి 1638 మార్చి 22న వెలివేశారు. ఈటన్ బృందం ఓడ ఎక్కింది మార్చి 30న. ఎనిమిది రోజుల తేడా. ఆ ఊళ్ళో ఆ చలికాలమంతా వేరే మాట మాట్లాడి ఉండరు, ఆన్ ఈటన్ అదంతా వినకుండా ఉండే అవకాశమే లేదు.

వాళ్ళు దిగిన చోటు క్విన్నిపియాక్ తెగవాళ్ళది. మశూచి లాంటి జబ్బులకీ, పొరుగు తెగల దాడులకీ అప్పటికే బాగా చితికిపోయి ఉన్నారు వాళ్ళు. 1638 నవంబర్ 24న వాళ్ళ నాయకుడు మొమౌగిన్ చేత ఒక ఒప్పందం మీద గుర్తు వేయించుకున్నారు. ఆ రేవూ, చుట్టుపక్కల నేలా ఇచ్చినందుకు దక్కింది 12 కోట్లు, 12 గరిటెలు, 12 గొడ్డళ్ళు, 12 పారలు, 24 చాకులు, 12 గిన్నెలు, ఇంకొన్ని ఫ్రెంచి చాకులూ కత్తెరలూ. రేవుకి తూర్పు పక్క కొంచెం నేల మాత్రం వాళ్ళు ఉండటానికి వదిలారు. 1639 జూన్‌లో ఒక కొట్టంలో సమావేశమై చర్చి సభ్యులకే ఓటు ఉంటుందని తీర్మానించుకున్నారు. (అదే 1639 ఆగస్టులో ఇక్కడ దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్ట్ ఇండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి మద్రాసు తీరం రాసిచ్చాడు. రెండు ఊళ్ళూ దాదాపు ఒకే కాలం పిల్లలు, తర్వాత ఒకే మనిషి పేరు రెండింటికీ తగులుకోవడం కాకతాళీయమే.) ఈటన్ మొదట మేజిస్ట్రేటు, 1643 నుంచి కాలనీ గవర్నరు, చనిపోయేదాకా ప్రతి ఏడాదీ అతన్నే ఎన్నుకున్నారు.

ఇంతదాకా ఇది మామూలు వలస కథలాగే ఉంటుంది. అసలు విషయం 1644 నుంచి 1646 దాకా, ఆ రెండేళ్ళలో ఉంది.

ఆన్ ఈటన్ దగ్గరికి ఒక పుస్తకం వచ్చింది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ కాలనీలో మత విషయాల్లో పేచీ వచ్చి డచ్చివాళ్ళ కాలనీ న్యూ నెదర్లండ్ వైపు వెళ్ళిపోయిన డెబొరా మూడీ అనే సంపన్న స్త్రీ ఇచ్చిన పుస్తకం అది. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడంలో అర్థం లేదు, నమ్మకం తెలిసిన వయసులోనే ఇవ్వాలి అని వాదించే పుస్తకం. ఇప్పుడు మనకి ఇదేమంత గొడవ అనిపించవచ్చు, మన కోస్తా జిల్లాల్లో లూథరన్లూ బాప్టిస్టులూ పక్కపక్క వీధుల్లో ఉంటారు, ఒకరు పసిపిల్లలకి ఇస్తారు, ఒకరు ఇవ్వరు, ఎవరి చర్చి వాళ్ళది. న్యూహేవెన్‌లో అలా కుదరదు. చర్చి సభ్యత్వం ఉంటేనే ఓటు, ఆ సభ్యత్వానికి తొలిమెట్టు బాప్తిస్మం, ఆ మెట్టే తప్పంటే కాలనీ పునాదే తప్పని అర్థం. ఆన్ ఆ పుస్తకాన్ని భర్తకీ, పాదిరికీ చూపకుండా చదువుకుంది. తర్వాత ఒక ఆదివారం ప్రసంగం అయ్యాక, బాప్తిస్మం మొదలయ్యేలోపు, అందరి ముందూ లేచి బయటికి వెళ్ళిపోయింది. గవర్నరు భార్య. ముందు వరసలో కూర్చునే మనిషి.

డేవన్‌పోర్ట్ ఆ పుస్తకానికి జవాబులు రాసి ఆమెకి చదివి వినిపించాడు. ఆవిడ మారలేదు. అప్పుడు చర్చి చాలా తెలివిగా వ్యవహరించింది. ఆవిడ్ని బాప్తిస్మం విషయంలో విచారించలేదు, ఇంటి ప్రవర్తన మీద విచారించింది. 17 అభియోగాలు తయారయ్యాయి. భోజనాల దగ్గర అత్తగారి చెంప మీద కొట్టింది, సవతి కూతురు మేరీని వేధించింది, పనిపిల్లని రక్కింది, గిచ్చింది, ఆంథనీ అనే నల్లజాతి సేవకుణ్ణి నానామాటలు అంది, ఇలా. ఒక్కోదాన్నీ పది ఆజ్ఞల్లో ఫలానా ఆజ్ఞ అతిక్రమణ అని విడమరిచి రాశారు. ఇంట్లోవాళ్ళు, పనివాళ్ళు సాక్ష్యం చెప్పారు.

ఈ అభియోగాలు అబద్ధమని నేను అనను. ముప్ఫైమంది ఉన్న ఇంట్లో, అత్తగారు, సవతి కూతురు, రెండు పెళ్ళిళ్ళ పిల్లలు, బానిసలు, పనివాళ్ళు అందరూ ఒకే కప్పు కింద ఉన్నచోట, ఆవిడ చెయ్యి చేసుకుని ఉండవచ్చు, ఆ దెబ్బలు తిన్న పనివాళ్ళ వైపు నుంచి చూస్తే ఆవిడ వీరనారి ఏమీ కాదు. కానీ ఆ దెబ్బలు కొత్తవి కావు కదా. ఆవిడ చర్చిలో లేచి వెళ్ళిపోయేదాకా అవి ఎవరికీ పట్టలేదు. 1644 ఆగస్టులో మందలించారు, పశ్చాత్తాప పడటానికి గడువిచ్చారు, 1645 మే నెలలో వెలివేశారు. మరుసటేడు ఆవిడ పట్ల సానుభూతితో, చర్చి మీద పరాచికాలాడుతూ ఇళ్ళలో మాట్లాడుకున్న ముగ్గురు ఆడవాళ్ళని కూడా కోర్టుకి పిలిచారు. అంటే ఆ ఊళ్ళో ఆన్ ఒంటరి కాదు.

ఇక కూతురు ఆన్ హాప్కిన్స్. ఆవిడ భర్త ఎడ్వర్డ్ హాప్కిన్స్ పక్కనున్న కనెక్టికట్ కాలనీలో గవర్నరు. అక్కడ వరుసగా రెండేళ్ళు ఒకరే గవర్నరుగా ఉండకూడదు కాబట్టి ఒక ఏడు జాన్ హేన్స్, ఒక ఏడు హాప్కిన్స్ అన్నట్టు నడిచేది. 1645 ఏప్రిల్‌లో, అంటే తల్లిని వెలివేయడానికి నెల ముందు, హాప్కిన్స్ భార్యని వైద్యం కోసం బోస్టన్ తీసుకెళ్ళాడు. మసాచుసెట్స్ గవర్నరుగా చాలాసార్లు పనిచేసిన జాన్ విన్‌త్రాప్ తన డైరీలో ఈ సంగతి రాసుకున్నాడు. ఆవిడ దైవభక్తి, తెలివితేటలు ఉన్న మనిషనీ, చాలా పుస్తకాలు రాసిందనీ, ఎప్పుడూ చదువూ రాతలతో ఉండటంవల్ల మతి చెడిందనీ, ఇంటిపనులు చూసుకుని ఆడవాళ్ళకి తగిన పనుల్లో ఉండి ఉంటే బాగానే ఉండేదనీ రాశాడు. ఆవిడకి నిజంగా ఏం జబ్బు చేసిందో మనం తేల్చలేం, నిజంగానే మనోవ్యాధి కావచ్చు. డైరీలో దానికి రాసిన కారణం మాత్రం ఆ కాలం ఆడవాళ్ళ చదువుని ఎలా చూసేదో చెప్పేస్తుంది. ఆవిడ రాసిన పుస్తకాల్లో ఒక్కటీ మిగల్లేదు, వైద్యం వల్ల గుణం కనిపించలేదు. 1698 దాకా బతికింది.

మూడోవాడు పెద్ద కొడుకు డేవిడ్ యేల్, ఎలీహు తండ్రి. న్యూహేవెన్‌లో ఇమడక బోస్టన్ వెళ్ళి వ్యాపారం పెట్టుకున్నాడు. 1646లో రాబర్ట్ చైల్డ్ అనే వైద్యుడు ఇంకో ఆరుగురితో కలిసి మసాచుసెట్స్ జనరల్ కోర్టుకి (పేరుకి కోర్టు, అసలు కాలనీ శాసనసభ) ఒక అర్జీ పెట్టాడు. ఇక్కడ వేలమంది పన్నులు కడుతున్నారు, యుద్ధానికి వెళుతున్నారు, చర్చి సభ్యులు కారన్న కారణంతో వాళ్ళకి ఓటు లేదు, ఇంగ్లండ్ పౌరులకి ఉన్న హక్కులు మాకూ ఇవ్వండి, లేకపోతే పార్లమెంటుకి వెళతాం అని. సంతకం పెట్టిన ఏడుగురిలో డేవిడ్ యేల్ ఒకడు. కాలనీ దీన్ని రాజద్రోహంలా చూసింది, జరిమానాలు వేసింది, కొందర్ని అరెస్టు చేసింది.

తల్లికి జరిగినదానివల్లే కొడుకు ఆ సంతకం పెట్టాడని చెప్పడానికి కాగితం ఏదీ లేదు. వ్యాపారులకి ఆ అర్జీలో సొంత ప్రయోజనాలు కూడా ఉన్నాయి. అయినా, తల్లిని వెలివేసిన మరుసటేడే కొడుకు చర్చికీ ఓటుకీ ముడి తీసేయమని అడిగితే రెండింటికీ ఏ సంబంధం లేదని నేను మాత్రం నమ్మలేను.

1649 ఏప్రిల్ 5న బోస్టన్‌లో డేవిడ్‌కీ అతని భార్య ఉర్సులాకీ ఎలీహు పుట్టాడు. 1652 నాటికి డేవిడ్ కుటుంబాన్ని తీసుకుని ఇంగ్లండ్ వచ్చేశాడు. ఎలీహుకి అప్పుడు మూడేళ్ళు, ఆ తర్వాత జన్మలో అమెరికా వెళ్ళలేదు. "ప్యూరిటన్ వలస కుటుంబంలో పుట్టాడు" అనే మాటలో నిజం ఎంతంటే ఇంతే. అతను పుట్టింది ప్యూరిటన్ల ఊళ్ళో, ప్యూరిటన్లతో పడక బయటికొచ్చిన తండ్రికి.

ఇక్కడ తేదీల గురించి ఒక హెచ్చరిక, ఎందుకంటే ఈ కుటుంబం గురించి చదివేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1752 దాకా ఇంగ్లండ్‌లోనూ దాని కాలనీల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకని జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి వారాల్లో జరిగినవాటికి రికార్డుల్లో ఒక ఏడాది తక్కువ కనిపిస్తుంది. థియోఫిలస్ ఈటన్ చనిపోయింది అప్పటి లెక్కలో 1657 జనవరి 7, మన లెక్కలో 1658. ఒకేచోట 1657/58 అని రెండూ రాసి ఉంటే అది అచ్చుతప్పు కాదు. అలాగే ఆ కాలంలో అల్లుణ్ణీ, సవతి కొడుకునీ కూడా వీలునామాల్లో "కొడుకు" అనే రాసేవాళ్ళు, ఎలీహుని ఈటన్ మనవడిగా చేసేసిన గందరగోళం సగం దీనివల్లే.

ఈటన్ చనిపోయేదాకా ఆన్ ఆ ఇంట్లోనే ఉంది. ఆవిడకి ఇంగ్లండ్ వెళ్ళిపోవాలని ఉందని భర్తకి తెలుసు. మాథర్ రాసినదాని ప్రకారం, ఆమె ఆ మాట ఎత్తితే ఈటన్ నువ్వు వెళ్ళవచ్చు, నేను మాత్రం ఇక్కడే చనిపోతాను అన్నాడట. అలాగే జరిగింది. అతను పోయిన ఏడాదే ఆవిడ చిన్న కూతురు హన్నాని తీసుకుని ఓడ ఎక్కింది, 1659లో లండన్‌లో కన్నుమూసింది. హన్నా అక్కడే విలియం జోన్స్ అనే అతన్ని పెళ్ళాడి మళ్ళీ న్యూహేవెన్ వచ్చింది. ఈటన్ కష్టపడి కట్టిన ఆ స్వతంత్ర కాలనీ కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. పెట్టుబడంతా పోసి పంపిన పెద్ద ఓడ 1646లో సముద్రంలో మాయమైంది, వ్యాపారం లేవలేదు, 1665 నాటికి కనెక్టికట్‌లో కలిసిపోయింది. ఆ మునిగిన ఓడలో కెప్టెన్ నథానియెల్ టర్నర్ అనే అతను కూడా ఉన్నాడు, అతని పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎలీహు సంగతి మనకి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తాను. 1672లో ఏడాదికి 10 పౌండ్ల జీతం మీద ఈస్ట్ ఇండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చాడు. 1680 నవంబర్‌లో కేథరిన్ హిన్మర్స్ అనే వితంతువుని కోటలోని సెయింట్ మేరీ చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు, కొత్తగా కట్టిన ఆ చర్చిలో జరిగిన మొదటి పెళ్ళి అదే. ఆ చర్చి ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండ్ రాజులు పెట్టుకున్న చర్చే, నాయనమ్మ రెండో భర్త ఏ పద్ధతుల నుంచి పారిపోయాడో మనవడు ఆ పద్ధతిలోనే పెళ్ళి చేసుకున్నాడు. గవర్నరు అయింది 1687లో, అదే ఏడు ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు. కృష్ణా తీరంలో కొల్లూరు లాంటి గనుల వజ్రాలు మద్రాసు చేరే కాలం అది, యేల్ సంపాదనలో పెద్ద భాగం వజ్రాల వ్యాపారానిదే. అతను పాల్గొన్న ఒక సమావేశంలో కోట కౌన్సిల్ యూరప్ వెళ్ళే ప్రతి ఓడలోనూ కనీసం పదిమంది బానిసల్ని పంపాలని ఆదేశించింది. ఎలీహు కేథరిన్‌తో పుట్టిన ఒక్క కొడుక్కి తండ్రి పేరు డేవిడ్ పెట్టుకున్నాడు, ఆ పిల్లాడు నాలుగేళ్ళయినా నిండక ముందే 1688 జనవరిలో పోయాడు, సమాధి కట్టింది ఇప్పటి చెన్నై హైకోర్టు ఆవరణ దగ్గరే. అవినీతి ఆరోపణల మీద 1692లో కంపెనీ ఇతన్ని తీసేసింది, 1699లో విపరీతమైన డబ్బుతో లండన్ చేరాడు.

ఇప్పుడు కాలేజీ. కనెక్టికట్‌లో 1701లో పెట్టిన కాలేజీ 1716లో న్యూహేవెన్‌కి మారింది, భవనానికి డబ్బుల్లేవు. లండన్‌లో కాలనీ ఏజెంటుగా ఉన్న జెరమయా డమ్మర్ చాలాకాలంగా యేల్ వెంట పడుతున్నాడు. అతని ఉత్తరాల్లో రెండు ముచ్చట్లు ఉన్నాయి. ఒకటి, 1711లో రాసింది: యేల్‌కి కొడుకులు లేరు, కనెక్టికట్‌లో ఉన్న చుట్టాల్లో ఒకణ్ణి పిలిపించుకుని వారసుణ్ణి చేసుకోవాలనుకుంటున్నాడు అని. రెండోది, ఆంగ్లికన్ చర్చి మనిషినైన నేను వేరే పద్ధతివాళ్ళ కాలేజీకి డబ్బివ్వడం సబబేనా అని యేల్ సందేహపడ్డాడని. ఆ ఒక్క ముక్క చాలు, ఎలీహుని ప్యూరిటన్ అనేవాళ్ళకి జవాబు చెప్పడానికి. 1718లో కాటన్ మాథర్ కూడా ఉత్తరం రాశాడు, కాలేజీకి మీ పేరు పెడితే ఈజిప్టు పిరమిడ్ కంటే గట్టిగా నిలుస్తుందని ఊరించాడు. యేల్ తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, ఒకటో జార్జ్ రాజు బొమ్మ పంపాడు. సరుకు అమ్మితే 562 పౌండ్ల 12 షిల్లింగులు వచ్చాయి. అతని ఆస్తి ముందు ఇది చిల్లర. పేరు మాత్రం శాశ్వతంగా దక్కింది.

దీనికి పక్కన మేనత్త భర్త హాప్కిన్స్ చేసినది పెట్టి చూడండి. ఇతను ఇంగ్లండ్ తిరిగొచ్చి 1657లో చనిపోతూ చదువు కోసం ఆస్తి రాసిపెట్టాడు. దాంతో 1660లో న్యూహేవెన్‌లో పెట్టిన హాప్కిన్స్ స్కూలు ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఒక భాగం భార్య బతికున్నంతకాలం ఆగాలని రాశాడు, ఆవిడ ఇంకో నలభై ఏళ్ళు బతికింది, కాబట్టి ఆ డబ్బు పద్దెనిమిదో శతాబ్దంలో గానీ హార్వర్డ్ చేతికి రాలేదు. దాంతో కొన్న భూమి మీద వెలిసిన ఊరి పేరు హాప్కిన్‌టన్. ఏటా బోస్టన్ మారథాన్ మొదలయ్యే ఊరు అదే. మతి చెడిందని ముద్రపడిన ఆన్ అంతకాలం బతకడంవల్ల ఒక ఊరు ఆలస్యంగా పుట్టిందన్నమాట. చదువుకి ఈ కుటుంబం చేసిన సాయం లెక్కేస్తే హాప్కిన్స్ వాటా ఎక్కువని నా అభిప్రాయం.

ఇంతకీ వారసుడి సంగతి. కనెక్టికట్ నుంచి వచ్చిన చుట్టం కుర్రాడికి ఆస్తి దక్కలేదు. ఎలీహు 1721 జూలైలో సరైన వీలునామా లేకుండానే పోయాడు, రాసి వదిలేసిన చిత్తులో భార్య పేరు దగ్గర దుష్టురాలైన నా భార్యకి అని రాసి తర్వాత ఏమీ రాయలేదంటారు. రెక్సమ్‌లో సెయింట్ గైల్స్ చర్చి ఆవరణలో పూడ్చారు. పుట్టింది అమెరికాలో, పెరిగింది యూరప్‌లో, తిరిగింది ఆఫ్రికాలో, పెళ్ళాడింది ఆసియాలో అని మొదలుపెట్టి, చాలా మంచీ కొంత చెడూ చేశాడు, రెండూ సరిపోయాయని ఆశిద్దాం అంటూ సాగుతుంది ఆ సమాధి మీది పద్యం.

అయితే ఇప్పుడు అమెరికాలో యేల్ ఇంటిపేరున్నవాళ్ళు ఎవరు? ఎలీహు సంతానం కాదు, మద్రాసులో పోయిన డేవిడ్ తర్వాత ఆ ఇంటిపేరు మోసే వారసుడు అతనికి మిగల్లేదు. మిగిలిన ముగ్గురు కూతుళ్ళలో ఇద్దరు ఇంగ్లండ్‌లో నార్త్, కావెండిష్ కుటుంబాల్లోకి వెళ్ళారు. అమెరికా యేల్‌లు దాదాపు అందరూ ఎలీహు చిన్నాన్న థామస్ సంతానం. అన్నగారిలా పోట్లాడి వెళ్ళిపోకుండా న్యూహేవెన్‌లోనే ఉండి, ఆ ఓడలో మునిగిపోయిన కెప్టెన్ టర్నర్ కూతురు మేరీని పెళ్ళి చేసుకుని, పొలం చేసుకుని 1683లో చనిపోయిన మనిషి. మన ఇళ్ళకి వేసే యేల్ తాళం కనిపెట్టిన లైనస్ యేల్ ఆ శాఖవాడే. కాబట్టి ఎవరైనా యేల్ ఇంటిపేరు చూపించి మాది మద్రాసు గవర్నరు వంశం అంటే, మీ మూలపురుషుడు ఎలీహునా, ఆయన చిన్నాన్న థామసా అని అడగండి. ఎటు చెప్పినా పై మెట్టులో ఉండేది చర్చి వెలివేసిన ఆన్ ఈటనే.